విత్తనం పెట్టినాక సుంకం ఎత్తేస్తే మా పత్తి సంగతేంది?

పరకాల నల్లరేగడి
ఆరెకరాలు పత్తి వేశాను, అందులో రెండెకరాలు కౌలు. 2025 జూన్‌లో మొదటి వాన పడగానే విత్తనం పెట్టాం. అప్పటికి బయటి దేశాల దూది మీద 11 శాతం దిగుమతి సుంకం ఉంది. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 అని ప్రకటించారు. మక్క కన్నా పత్తే నయం అని ఇంట్లో అందరం కూర్చుని అనుకుని వేసిన పంట ఇది. ఆగస్టు 19న ఆ సుంకం తీసేశారు. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, మన పత్తి మార్కెట్‌కు వచ్చే లోపే అయిపోతుంది కదా అని ఊరుకున్నాం. పది రోజులు తిరగకముందే డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అంటే సరిగ్గా మేం పత్తి ఏరి అమ్ముకునే మూడు నెలలు.

మొన్న మార్కెట్ యార్డుకు పదిహేను బస్తాలు తీసుకుపోయాను. జెండా పాటలో ప్రకటించిన పై ధర ఒకటి, నాకు పలికింది ఇంకొకటి. క్వింటాకు 6,350. ఇదేంది అని అడిగితే ఖరీదుదారు "బయటి దూది చవకగా దిగుతోంది, మిల్లులోళ్ళు మనది అడగట్లేదు" అన్నాడు. ఇది నిజమా, నా దగ్గర ధర తగ్గించడానికి చెప్పిన మాటా? అమెరికా మన సరుకు మీద 50 శాతం వేస్తే, మనం వాళ్ళ పత్తికి గేటు తీయడం ఏంది? తెలిసినవాళ్ళు చెప్పండి, రెండు రోజులుగా నిద్ర పట్టట్లేదు.

కాజీపేట జంక్షన్
ఇదే ప్రశ్న మా ఊర్లో టీ కొట్టు దగ్గర రోజూ నడుస్తోంది. ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు.

జమ్మికుంట జిన్నింగ్
14 ఏళ్ళుగా జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తున్నా. ఖరీదుదారు చెప్పింది సగం నిజం.

క్వింటా పత్తి ఆడితే 33, 34 కిలోల దూది వస్తుంది, మిగతాది గింజ. మేం దూది అమ్మేది క్యాండీ లెక్కన, అంటే 356 కిలోలు. ఒక క్యాండీకి పదిన్నర క్వింటాళ్ళ పత్తి కావాలి. మద్దతు ధర పెట్టి కొంటే పత్తికే 85 వేలు దగ్గర అవుతుంది. గింజలు అమ్మిన డబ్బు తీసేసి, ఆడిన ఖర్చు, బేలు కట్టిన ఖర్చు కలిపితే నా లెక్కలో క్యాండీ 60 వేలు దాటుతుంది. బ్రెజిల్ దూది సుంకం లేకుండా రేవులో దిగితే ఇంతకన్నా వేలల్లో తక్కువ. 11 శాతం ఉన్నప్పుడు ఆ తేడా చాలావరకు పూడేది. అందుకే ఆగస్టు చివర నుంచి కోయంబత్తూర్ స్పిన్నింగ్ మిల్లుల ఫోన్లు తగ్గాయి. ఇది నేను రోజూ చూస్తున్నదే.

మిగతా సగం వేరే. అన్నా, నీ పత్తిలో తేమ ఎంత వచ్చింది?

పరకాల నల్లరేగడి
17. మొంథా తుఫాను వానకు చేన్లోనే తడిసింది. అది నేను దాచట్లేదు.

జమ్మికుంట జిన్నింగ్
అదే అడిగాను. 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొనుగోలు సెంటర్‌లో తీసుకోరు. 17 శాతం తేమతో ఉన్న పత్తికి సుంకం ఉన్నా 8,110 రాదు. నీ నష్టంలో కొంత వానది, కొంత సుంకానిది. రెండూ ఒకే బస్తాలో కలిసి ఉన్నాయి కాబట్టి దేనిది ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. ఖరీదుదారుకు అదే కలిసొస్తుంది.

సంగెం టు తిరుప్పూర్
మాది సంగెం మండలం. పెళ్ళయినప్పటి నుంచి నేనూ మా ఆయనా తిరుప్పూర్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తున్నాం. పరకాల అన్నా, మీ బాధ అర్థమవుతుంది, మా నాన్న కూడా పత్తి రైతే. కానీ ఇక్కడి సంగతి కూడా వినండి.

అమెరికా మన సరుకు మీద 2025 ఆగస్టు 7న 25 శాతం వేసింది, 27న ఇంకో 25 కలిపింది. అప్పుడు బంగ్లాదేశ్ మీద 20, వియత్నాం మీద 20. అదే చొక్కా, అదే కుట్టు, మాది మాత్రం అక్కడ ముప్పై శాతం ఎక్కువ పన్ను కట్టి దిగాల్సి వచ్చింది. మా లైన్‌లో ఓవర్‌టైం సెప్టెంబర్ నుంచి ఆగిపోయింది. వారానికి ఆరు రోజుల పని నాలుగుకు వచ్చింది. ఓవర్‌టైం డబ్బులతోనే మేం ఊరికి పంపేది. దసరాకు బస్సు టికెట్లు కూడా బుక్ చేయలేదు.

ఇప్పుడు దూది మీద 11 శాతం కూడా ఉంటే నూలు ఇంకా పెరుగుతుంది, చొక్కా ఇంకా పెరుగుతుంది. దూది సుంకం ఎత్తేస్తే మా మీద పడ్డ 50 ఏమీ పోదు, నాకు తెలుసు. కానీ మునిగేటప్పుడు గడ్డిపోచ దొరికినా పట్టుకుంటాం కదా.

పరకాల నల్లరేగడి
చెల్లీ, నీ పని పోవాలని నేను అనను. నీకు దొరికిన గడ్డిపోచ మా చేన్లోంచి పీకిందే, అదే నా బాధ.

కాజీపేట జంక్షన్
పరకాల అన్నా, తిరుప్పూర్‌లో మిషన్లు ఆగితే సుంకం ఉన్నా మీ దూది కొనేదెవరు? అది కూడా ఆలోచించాలి.

వ్యవసాయ విద్యార్థి 22
అన్నా, "అమెరికా పత్తికి గేటు తీశారు" అన్నారు. మన దగ్గర దిగేది అమెరికా పత్తి ఒక్కటే కాదు, బ్రెజిల్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి కూడా వస్తుంది. వాళ్ళకు చవకగా ఎలా పండుతుందో చూడాలి. మన దేశంలో హెక్టారుకు సగటున 440, 450 కిలోల దూది. బ్రెజిల్‌లో దానికి దాదాపు నాలుగింతలు. మనది ఎక్కువగా వాన మీద పంట, చేత్తో ఏరుడు, గులాబీ రంగు పురుగు. పురుగును తట్టుకునే బీటీ విత్తనం 2002లో వచ్చింది, దాని రెండో రకం బీజీ-2 2006లో వచ్చింది, ఆ తర్వాత కొత్త టెక్నాలజీకి అనుమతి రాలేదు. పురుగు మాత్రం దానికి అలవాటు పడింది.

ఇంకోటి. అమెరికా తన పత్తి రైతులకు ఎప్పటి నుంచో సబ్సిడీలు ఇస్తోంది. ఆ సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళి 2005లో గెలిచింది. అమెరికా సర్దుకోలేదు, గొడవ నడిచి నడిచి 2014లో బ్రెజిల్‌కు 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి రైతులు 2003 నుంచి అదే మాట అంటున్నారు, వాళ్ళ దగ్గర బ్రెజిల్‌కు ఉన్న బలం లేదు. కాబట్టి "బయట చవక" అన్నప్పుడు అందులో సబ్సిడీ ఎంతో కూడా అడగాలి. అలాంటి సరుకు మీద సుంకం వేయడం తప్పు కాదని నా అభిప్రాయం.

జమ్మికుంట జిన్నింగ్
తమ్మీ, బ్రెజిల్ చవక సబ్సిడీ వల్ల కాదు. పెద్ద కమతాలు, మిషన్లు, దిగుబడి. బేలు విప్పితే చెత్త ఉండదు. మన బేళ్ళలో ప్లాస్టిక్ సంచి పోగులు, వెంట్రుకలు, ఆకు పొడి అన్నీ ఉంటాయి. నూలు మిల్లువాళ్ళు మమ్మల్ని తిట్టేది దానికే.

వ్యవసాయ విద్యార్థి 22
బ్రెజిల్ విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటా. అమెరికా విషయంలో నా మాట మీదే ఉంటా.

జనగామ ఆయిల్‌పామ్
పత్తి రైతులకు సుంకం విలువ ఇప్పుడు తెలిసింది, మాకు ముందే తెలుసు. ఆయిల్‌పామ్ మొక్క పెట్టి నాలుగేళ్ళు ఎదురు చూస్తే గాని గెల రాదు. ఆ నాలుగేళ్ళలో ఢిల్లీలో సుంకం ఎన్నిసార్లు మారిందో చూడండి. 2024 సెప్టెంబర్ 14న ముడి పామాయిల్ మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. గెల ధర లేచింది, మా ఊర్లో ఇంకో ఇరవై మంది మొక్కలు పెట్టారు. 2025 మే 30న దాన్నే 16.5కు తగ్గించారు. ఆ ఇరవై మంది మొక్కలు ఇంకా మోకాలెత్తు కూడా లేవు. మా బావమరిదిది అశ్వారావుపేట వైపు తోట, ధర ఒక ఏడాది ఎక్కి మరుసటి ఏడాది దాదాపు సగానికి పడిపోవడం చూసినవాడు. మన దేశం వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే తెచ్చుకుంటుంది. సుంకం లేకపోతే ఇండోనేషియా, మలేషియా ముందు మేం నిలబడం.

హనుమకొండ కర్రీ పాయింట్
27.5 చేసిన రోజు నాకు బాగా గుర్తుంది అన్నా. బతుకమ్మ పండుగకు రెండు వారాల ముందు. వారం తిరిగేసరికి నూనె డబ్బా మీద మూడు వందల పైన పెరిగింది. నేను కర్రీ పాయింట్ నడుపుతా, కూర ముప్పై రూపాయల ప్యాకెట్. అద్దె గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు కొంటారు, నలభై చేస్తే వాళ్ళు రారు. వేపుళ్ళు మానేసి పప్పు, పులుసు పెంచాను. మీకు గెల ధర లేచింది కదా, అది నా బాండీలోంచి వెళ్ళిందే.

ఆ సుంకం డబ్బులో కొంత మీలాంటి రైతులకు నేరుగా వచ్చి, నా నూనె మీద భారం తగ్గే దారి ఏదైనా ఉందా? నిజంగానే అడుగుతున్నా.

జనగామ ఆయిల్‌పామ్
ఉంటే మొదట సంతకం పెట్టేది నేనే అక్కా. సుంకం కట్టిన డబ్బు ఖజానాకు పోతుంది. మాకు వచ్చేది మార్కెట్ ధర లేస్తేనే.

నర్సంపేట మిర్చి
మీరంతా సుంకం, సుంకం అంటున్నారు. మాకు అడ్డం సుంకం కాదు, ల్యాబ్. 2021 తర్వాత నల్ల తామర పురుగు వచ్చి తోటలకు తోటలే ఎండిపోయాయి. దాన్ని ఆపడానికి ఏ మందు చెబితే ఆ మందు కొట్టాం. ఇప్పుడు యూరప్‌కు పంపాలంటే కాయలో మందు అవశేషం ఎంత, బూజు విషం ఎంత అని పరీక్ష. నా కాయ ఎర్రగా నిగనిగలాడుతున్నా కాగితం మీద ఫెయిల్. తేజ రకం చైనా కొంటుంది కాబట్టి బతికిపోయాం, వాళ్ళు కొనడం తగ్గించిన ఏడు మా ధర కింద పడుతుంది. మా చపాటా మిర్చికి 2025లో ఈ ప్రాంతపు పంట అనే గుర్తింపు, జీఐ ట్యాగ్ వచ్చింది, సంతోషం, కానీ ల్యాబ్ దగ్గర ట్యాగ్ చూపిస్తే వదలరు.

పాత మాస్టారు
మిర్చి తమ్ముడు చెప్పినది అడ్డు కాదు, జాగ్రత్త. తినేవాడికి మందు అవశేషం లేని కాయ కావాలి. ఆ కాయ మన పిల్లలకు కూడా కావాలి. దాన్నీ సుంకాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

నర్సంపేట మిర్చి
మాస్టారూ, జాగ్రత్త వద్దని నేను అనలేదు. మందు కొట్టకముందే ఏ మందు, ఎన్ని రోజుల ముందు ఆపాలి అని ఊర్లోకి వచ్చి చెప్పేవాడు లేడు. కాయ కోసి, ఎండబెట్టి, బస్తా కట్టాక మాత్రం చెబుతారు.

పాత మాస్టారు
ఆ మాట నిజం. నేను తొందరపడ్డాను.

నా వయసు వాళ్ళకు ఇంకో కాలం గుర్తుంటుంది. బయటి వస్తువు కావాలంటే లైసెన్సు, కోటా, పర్మిట్. స్కూటర్ బుక్ చేస్తే ఏళ్ళు పట్టేది. 2001 ఏప్రిల్ 1 నాటికి గాని ఆ పరిమాణ ఆంక్షలు పూర్తిగా పోలేదు. అంత రక్షణలోనూ మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు బతికిందా? 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు, ఈ ఊరికి అన్నం పెట్టిన మిల్లు. బయటి బట్ట రాకుండా గోడ కట్టిన రోజుల్లోనే అది కుంగడం మొదలైంది. గోడ ఉంది కదా అని లోపలి యంత్రాలను ఎవరూ మార్చలేదు. 2002లో తాళం వేశారు. రక్షణ అనేది మందు లాంటిది, ఎన్నాళ్ళు వాడాలో ముందే చెప్పాలి.

మిల్లు కాలనీ
మాస్టారూ, మా నాయన ఆ మిల్లులో పనిచేశారు. మిల్లు గోడ వల్ల చావలేదు. 1974లో ప్రభుత్వ కార్పొరేషన్ చేతికి వచ్చాక కొత్త మగ్గాలకు డబ్బు పెట్టలేదు, అందుకు పోయింది. రక్షణ ఇచ్చి పెట్టుబడి ఇవ్వకపోతే అది రక్షణ ఎలా అవుతుంది? మిల్లు సైరన్‌కు లేచే ఊరు ఇది. మా నాయన మిల్లు మూసిన తర్వాత కూడా ఆ టైంకే లేచి కూర్చునేవారు. ఆ మిల్లు గురించి తొందరగా తేల్చేయకండి.

సిరిసిల్ల సాంచా
సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికే వాళ్ళకు రెండు వైపులా అనుభవమే. చైనా నుంచి అల్లిక బట్ట కిలోల లెక్కన చవకగా వచ్చి పడుతుంటే 2024 మార్చిలో కొన్ని రకాలకు కిలోకు మూడున్నర డాలర్ల కనీస ధర పెట్టారు, అంతకన్నా తక్కువకు దిగకూడదని. మాది అల్లిక కాదు నేత, అయినా మార్కెట్ ఒకటే, కొంచెం ఊపిరి ఆడింది. కానీ మేం నేసేది పాలిస్టర్ నూలు. ఆ నూలుకు నాణ్యత సర్టిఫికెట్ తప్పనిసరి చేసినప్పుడు బయటి నూలు ఆగి, ఇక్కడి కంపెనీలు చెప్పిందే ధర అయింది. బట్టకు కాపలా పెడితే మేం బతికాం, నూలుకు కాపలా పెడితే మేమే మునిగాం. ఇందాక సంగెం చెల్లి, పరకాల అన్న అనుకున్నది ఇదే కదా. ఆయన పంట ఆమెకు ముడిసరుకు.

డాలస్ ఓరుగల్లు
2023 జులై 20న ఇండియా తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసిందని వార్త రాగానే ఇక్కడ ఇండియన్ స్టోర్ల ముందు లైన్లు కట్టాం. నేనూ నిలబడ్డా, మనిషికి ఒక్క సోనా మసూరి బస్తా అన్నారు. మా అమ్మ ఫోన్ చేసి "మన ఇంట్లో గాదె నిండా ఉంటే నువ్వు బియ్యానికి లైన్‌లో నిలబడ్డావా" అని ఏడ్చింది.

సుల్తానాబాద్ రైస్‌మిల్లు
డాలస్ తమ్మీ, నువ్వు లైన్‌లో నిలబడ్డ రోజుల్లో మా బియ్యం లారీ కాకినాడ దారిలో ఉంది. వెనక్కి తిప్పించాం. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద కూడా 20 శాతం ఎగుమతి సుంకం వేశారు. తెల్ల బియ్యం మళ్ళీ వదిలింది 2024 సెప్టెంబర్ 28న. పద్నాలుగు నెలలు. దేశంలో ధర పెరగకూడదని ఆపారు, ఆ కారణం తప్పని నేను అనను. కానీ మా దగ్గర కొనే ఆఫ్రికా పార్టీ ఆ పద్నాలుగు నెలల్లో వియత్నాం, థాయిలాండ్ వైపు మళ్ళాడు. గేటు తీశాక అతను మొదట అడిగింది ధర కాదు, "మళ్ళీ మూస్తారా?" అని. నేను జవాబు చెప్పలేకపోయా.

ఖిలా వరంగల్
సుల్తానాబాద్ అన్న మాట చదివాక మన గణపతిదేవుడు గుర్తొచ్చాడు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రుడి గుడి దగ్గర ఆయన వేయించిన అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అంతకు ముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, మొత్తం సరుకు లాక్కునేవారట. ఈయన ఏం చేశాడంటే, ప్రాణం కన్నా ధనం గొప్పదని సముద్రం మీద ఇంత సాహసం చేసి వచ్చేవాళ్ళ దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని రాయించాడు. గంధానికి ఇంత, కర్పూరానికి ఇంత, ముత్యాలకు ఇంత అని వస్తువు వారీగా. ఎగుమతి దిగుమతి సరుకుకు ముప్పైలో ఒక వంతు అని. సుంకం వద్దనలేదు. ఎంతో రాతి మీద చెక్కించి పెట్టాడు. చైనా వైపు నుంచి వచ్చే ఓడవాడికి బయల్దేరే ముందే తెలుసు, మోటుపల్లిలో దిగితే తన దగ్గర ఎంత తీసుకుంటారో.

పరకాల నల్లరేగడి
ఇదన్నా! ఇదే నేను అడగాలనుకుని సరిగా అడగలేకపోయింది. 11 ఉంచుతారో, 5 చేస్తారో, మొత్తం తీసేస్తారో మే నెలలో చెప్పండి. విత్తనం పెట్టకముందు చెప్పండి. తీసేస్తాం అని ముందే అంటే నేను నాలుగెకరాలు మక్క వేసుకునేవాణ్ణి. రెండెకరాల కౌలు మానేసేవాణ్ణి. నష్టమో లాభమో నా నిర్ణయం అయ్యేది. చేన్లో మొక్క నడుముదాకా వచ్చాక రూలు మారిస్తే నేను ఏం పీకేసి ఏం నాటాలి?

సంగెం టు తిరుప్పూర్
అన్నా, ఈ మాటకు నేనూ మీ పక్కనే. మా ఫ్యాక్టరీ ఆర్డర్లు కూడా ఆరు నెలల ముందు ఒప్పుకున్నవే. జనవరిలో ఒప్పుకున్న ధరకు ఆగస్టులో సుంకం పడింది. కుట్టి పెట్టిన డబ్బాలు గోడౌన్‌లోనే ఉన్నాయి.

వ్యవసాయ విద్యార్థి 22
కానీ ప్రపంచ ధర మన సీజన్ చూసి ఆగదు కదా. మే నెలలో చెప్పిన సుంకం ఆగస్టుకు సరిపోకపోతే? యుద్ధం వస్తే? ప్రభుత్వం చేతులు కట్టేసుకోలేదు.

జమ్మికుంట జిన్నింగ్
మార్చొద్దని ఎవరూ అనట్లేదు తమ్మీ. మారిస్తే ఆ ఏడు విత్తిన వాడికి తేడా కట్టివ్వాలి. తిరుప్పూర్ మిల్లును కాపాడాలనుకున్నప్పుడు ఆ ఖర్చు ఖజానా పెట్టుకోవాలి, పరకాల రైతు మీద వేయకూడదు. 2022లో కూడా ఏప్రిల్ 14 నుంచి అక్టోబర్ 31 దాకా ఇలాగే తీశారు, కానీ అప్పుడు ధర ఆకాశంలో ఉంది, రైతు చేతిలో పత్తి అయిపోయింది. ఈసారి అలా కాదు.

హనుమకొండ కర్రీ పాయింట్
అదే నూనెకు కూడా చేయండి అని నా మనవి. పండుగ ముందు రోజు పెంచకండి.

పరకాల నల్లరేగడి
వారం తర్వాత రాస్తున్నా. జమ్మికుంట అన్న చెప్పినట్టు మిగిలిన పత్తి డాబా మీద పలచగా పరిచి నాలుగు రోజులు ఎండబెట్టాం, మా అమ్మ పొద్దంతా తిరగేసింది. తేమ 11కు వచ్చింది. కొనుగోలు సెంటర్‌లో మూడు శాతం కోసి క్వింటాకు 7,866 చొప్పున తీసుకున్నారు. మార్కెట్ కన్నా పదిహేను వందలు ఎక్కువ. కానీ సొంత నాలుగెకరాలదే తీసుకున్నారు. కౌలు రెండెకరాలు నా పాస్‌బుక్‌లో లేవు, ఆ పత్తి వెనక్కి వచ్చింది. తొమ్మిది క్వింటాళ్ళు ముందు గదిలో పోసి పెట్టాను. 2026 జనవరి 1 నుంచి సుంకం మళ్ళీ పడుతుందా? పడుతుందంటే ఆగుతా, లేదంటే రేపే అమ్మేస్తా. కౌలు డబ్బు సంక్రాంతి లోపు ఇవ్వాలి.

జమ్మికుంట జిన్నింగ్
మా సేటును అడిగా, కోయంబత్తూర్ బ్రోకర్‌ను అడిగా, ఎవరికీ తెలియదన్నారు. కౌలుకు ఎంత కావాలో అంత వరకు అమ్మి, మిగతాది ఉంచుకో అన్నా. ముందు గది అంటున్నావు, వంట అక్కడే అయితే పొయ్యికి దూరంగా జరుపు, పక్క గోడకు తగలకుండా కింద చెక్కలు వేయి.